మూడో మడత

ఉయ్యూరు బస్సు పోరంకి సెంటర్లో తొమ్మిదింటికి ఆగుతుంది. పసిబిడ్డకు నీళ్లు పోయడానికి ఆ బస్సు దిగే శౌరమ్మ నేరుగా నాలుగో అంతస్తుకు రాకూడదు. అపార్ట్‌మెంట్ వెనక వాచ్‌మన్ కుళాయి దగ్గర మోచేతుల దాకా, మోకాళ్ల దాకా సబ్బుతో రుద్దుకోవాలి. సంచిలో తెచ్చుకున్న ఉతికిన చీర మెట్ల కింద కట్టుకోవాలి. అప్పుడు పైకి రావాలి, అదీ మెట్లెక్కి. ఈ ఏర్పాటు సుబ్బరత్నంది. పసిబిడ్డ ఉన్న ఇల్లు, బస్సుల్లో పడి వచ్చే మనిషి, జాగ్రత్త ఉండాలి కదా అంటుందామె. అదే బస్సులో వచ్చే పాలవాడు మాత్రం లిఫ్టులో వచ్చి వంటింటి గుమ్మం దాకా నడిచేవాడు.

పాపకు ఆ రోజు ముప్పై ఎనిమిదో రోజు. కీర్తనకు తల్లి లేదు కాబట్టి పురుడు అత్తవారింట్లోనే జరిగింది. పాప పుట్టిన నాటినుంచి ఆమెకు ఈ ఇంట్లో మిగిలిన పని ఒక్కటే, అత్తగారు సుబ్బరత్నం చెప్పింది అందించడం. పాపను ఎత్తుకుంటే మెడ కింద చెయ్యి సరిగ్గా లేదనేది సుబ్బరత్నం. పాలిస్తే కూర్చునే తీరు బాలేదనేది. "నీకేం తెలుసు" అన్న మాటతోనే ప్రతిదీ మొదలయ్యేది. బాత్రూంలో శౌరమ్మ పక్కన కూర్చున్న ఆ ముప్పావుగంట మాత్రం ఎవరూ ఏమీ అనరు.

శౌరమ్మ పొట్టి పీట మీద కూర్చుని కాళ్లు చాపింది. చీర మోకాళ్ల పైకి దోపుకుంది. రెండు పిక్కల మధ్య పల్లంలో పాపను వెల్లకిలా పడుకోబెట్టుకుంది. పక్కనే గిన్నెలో గోరువెచ్చటి నువ్వులనూనె. ముందు తన అరచేతులు రెండూ రుద్దుకుని, వేడి చూసుకుని, పాప ఛాతీ మీద పెట్టింది. పెట్టి కాసేపు కదపకుండా ఉంచింది. పాపకు చేతి బరువు అలవాటు కావాలంటుంది ఆమె. తర్వాత ఛాతీ మీంచి భుజాలకు, భుజాల నుంచి మణికట్టుకు, ఒక్కొక్క వేలూ విప్పుకుంటూ వచ్చింది. పాప కళ్లు సగం మూసుకుని పెదాలు చప్పరించింది.

కాళ్ల దగ్గరికి వచ్చేసరికి శౌరమ్మ చేతులు నెమ్మదించాయి. ఎడమ తొడ మీద బొటనవేలు పెట్టి ఆగింది.

"చిన్నమ్మగారూ, ఒకసారి ఇట్రండి."

కీర్తన చెంబు పక్కన పెట్టి వంగింది.

"తొడల మీద మడతలు చూడండి. కుడి పక్కన రెండున్నయ్యి. ఎడం పక్కన మూడు."

"బొద్దుగా ఉంది కదా, అందుకేమో."

"బొద్దయితే రెండు పక్కలా పడతయ్యమ్మా." శౌరమ్మ పాప మోకాళ్లు రెండూ మడిచి పాదాలు తన పిక్కల మీద ఆనించింది. "ఇప్పుడు మోకాళ్లు చూడండి. ఎడంది కిందికి లేదూ?"

ఉంది. ఒక గోరంత తేడా. చూపించకపోతే కనపడనంత.

శౌరమ్మ మడిచిన మోకాళ్లను మెల్లగా పక్కలకు విప్పింది. కుడి కాలు తెరిచిన పుస్తకంలాగా పూర్తిగా విచ్చుకుని పక్కకు వాలింది. ఎడమకాలు సగంలో ఆగిపోయింది. ఆమె దాన్ని ఒత్తలేదు. వెంటనే వదిలేసింది.

"నాలుగు రోజుల్నించీ చూస్తన్నా. పిల్లలు ఒకోరోజు బిగబట్టుకుంటారు, తొందరపడి అనకూడని మాట అనకూడదని ఊరుకున్నా. ఇవాళ నాకు ఖాయమైంది. తుంటి దగ్గర ఎముక సరిగ్గా కూర్చోలేదమ్మా. ఎముకల డాక్టరుకి చూపించండి. ఇవాళ నేను ఈ కాలు చాపి రుద్దను."

శౌరమ్మ మిగతా ఒంటికి నలుగుపిండి పట్టిస్తుంటే కీర్తన అడిగింది. "ఏమవుతుంది శౌరమ్మా?"

"ఏం కాదు. ఇప్పుడే చూపిస్తే పట్టీలేస్తారు, సర్దుకుంటది. పటమటలో ఒకరి బాబుకి వేస్తే చూశా, ఇప్పుడు బడికి పరిగెత్తుతున్నాడు. మా అక్క కూతురు మార్తకి మాత్రం నడిచే ఈడొచ్చేదాకా ఎవరూ కనిపెట్టలా. ముప్పై ఏళ్లొచ్చినయ్యి, ఇప్పటికీ కుంటుతానే..."

"ఎవరు కుంటేది?"

సుబ్బరత్నం సాంబ్రాణి పొగవేసిన మూకుడుతో గుమ్మంలో నిలబడి ఉంది. శౌరమ్మ మళ్లీ మొదటినుంచి చెప్పబోయింది. రెండు మాటలు కూడా పూర్తి కాలేదు.

"నా మనవరాలికి కాలు బాలేదంటావా? పుట్టిన రోజున పిల్లల డాక్టరు తలనించి పాదాల దాకా చూసి అంతా బాగుందని రాసిచ్చాడు. ఆయనకంటే నీకెక్కువ తెలుసా?"

"తెలుసని కాదమ్మగారూ. రోజూ చేతుల్లో ఉంటది కదా..."

"ఆ, నీ చేతుల్లోనే ఉంది. అందుకే అయింది. నెలరోజుల నుంచి ఆ మోటు చేతుల్తో లాగి లాగి నువ్వే చేసుంటావ్. చేసిందంతా చేసి ఇప్పుడు పుట్టుక మీద పెడతన్నావ్." మూకుడు నేల మీద పెట్టి చేతులు చాపింది. "ఇటియ్యి పిల్లని."

"నలుగు పెట్టానమ్మా. ఒక్క రెండు చెంబులు పోయనివ్వండి. పిండి ఆరితే ఒళ్లు మండుద్ది."

సుబ్బరత్నం వినలేదు. నూనె, పిండి కలిసి జారుతున్న పాపను రెండు చంకల కింద పట్టి లాక్కుంది. పాప గుక్కపట్టింది. శౌరమ్మ రెండు చేతులూ పాప జారితే పట్టుకోవడానికి గాలిలో అలాగే ఉండిపోయాయి. కీర్తన చెంబుతో నీళ్లు పోసింది, సుబ్బరత్నం ఎత్తి పట్టుకుంది. నీళ్లు పాప ముక్కులోకి పోయాయి.

"ముఖం కిందికి వంచండమ్మా, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టండి," అంది శౌరమ్మ కూర్చున్నచోటి నుంచే.

"నువ్వు లేచి బయటికి పో ముందు."

ఆమె తడిచీరతోనే లేచింది. పొడిచీర మెట్ల కింద సంచిలో ఉంది. హాలు మీదుగా నడుస్తుంటే పాలరాతి మీద ఒక్కొక్క అడుగూ అచ్చుపడింది. గుమ్మం దగ్గర ఆగి కీర్తన వైపు చూసింది. కీర్తన పాపను తువ్వాలులో చుడుతోంది. తల ఎత్తలేదు.

తలుపు పడ్డాక సుబ్బరత్నం ఆ అడుగుల వైపు వేలు చూపించింది. "ఫినాయిలేసి తుడువు. దిష్టి మనిషి."

కీర్తన పాపను మంచం మీద పడుకోబెట్టి వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కొక్క అడుగునూ తుడిచింది.

మధ్యాహ్నం జయకృష్ణ వన్ టౌన్‌లోని స్టీలు సామాన్ల కొట్టు నుంచి భోజనానికి వచ్చేటప్పటికి ఆ సంగతి అపార్ట్‌మెంట్ అంతా తెలిసింది. సుబ్బరత్నం ఎవరి ఇంటికీ వెళ్లి చెప్పలేదు. లిఫ్టు దగ్గర రెండో అంతస్తు ఆవిడకు, మేడ మీద బట్టలు ఆరేస్తూ ఐదో అంతస్తు ఆవిడకు చెప్పింది. ఆ రెండిళ్లలోనూ పసిబిడ్డలున్నారు. రెండిళ్లకూ శౌరమ్మే వచ్చేది.

"పిల్ల కాలు పట్టుకుని గుంజేసిందిరా. నేను చూశాను కాబట్టి సరిపోయింది," అంది కొడుక్కి అన్నం వడ్డిస్తూ. పొద్దున తను చూసింది ఏమిటో ఆమె అప్పటికే మరిచిపోయింది. ఆ గొంతులో అబద్ధం చెబుతున్న జంకు లేదు.

"అసలు ఇలాంటివాళ్లని ఎందుకమ్మా పెట్టడం? బెంజ్ సర్కిల్ దగ్గర బేబీ మసాజ్ క్లినిక్ పెట్టారు. కోర్సు చదివినవాళ్లు చేస్తారు. మా సేల్స్‌టాక్స్ ఆయన మనవణ్ణి అక్కడికే తీసుకెళ్తున్నారు." జయకృష్ణ ఎడమచేత్తో ఫోన్ తీశాడు. చెయ్యి కడుక్కునేలోపే అపాయింట్‌మెంట్ ఖాయమైంది. గురువారం పదకొండింటికి.

పడగ్గదిలో కీర్తన మెల్లగా అంది. "ఏవండీ, శౌరమ్మ లాగలేదండి. నేను పక్కనే ఉన్నాను. కాలు నిజంగానే పూర్తిగా విచ్చుకోవట్లేదు."

"డాక్టర్ చూశాడు కదా."

"ఒకసారి మళ్లీ..."

"గురువారం వెళ్తున్నాంగా, అక్కడ అడుగుదాం. అమ్మ దగ్గర మాత్రం ఈ మాట ఎత్తకు. నీకు ఆవిడ మాటెక్కువా, అమ్మ మాటెక్కువా అంటుంది. నాకు కొట్లో సరుకు దిగాలి." చెప్పులు వేసుకుంటూ వెనక్కి తిరిగాడు. "నువ్వు దగ్గరుండి కూడా ఆ మనిషిని ఎందుకు ఆపలేదో నాకర్థం కాదు."

క్లినిక్ నుంచి సాయంత్రానికి వాట్సాప్‌లో జాబితా వచ్చింది. మసాజ్‌కు ముప్పావుగంట ముందు పాలు పట్టాలి. గోళ్లు తీసి ఉండాలి. పౌడరు, కాటుక వద్దు. మెత్తటి తువ్వాళ్లు రెండు, విప్పడానికి వీలైన నూలు బట్టలు ఒక జత, టీకాల కార్డు తెచ్చుకోవాలి. వాళ్లు పంపే నూనె ముందురోజే బిడ్డ మోచేతి మడతలో ఒక చుక్క రాసి, ఎర్రబడుతుందేమో చూడాలి. సుబ్బరత్నం ఆ జాబితాను రెండుసార్లు చదివించుకుంది. చదువుకున్నవాళ్ల పద్ధతే వేరంది. కాటుక వద్దన్నది మాత్రం ఆమెకు నచ్చలేదు. అరికాల్లో పెడితే ఎవరు చూస్తారంది.

బుధవారమంతా ఆ ఏర్పాట్లే. కీర్తన తువ్వాళ్లు వేన్నీళ్లలో ఉతికి, గంజి లేకుండా ఆరేసి, ఇస్త్రీ చేసింది. పాప నిద్రపోతుండగా కిటికీ దగ్గర కూర్చుని, ఊపిరి బిగబట్టి, ఇరవై గోళ్లూ తీసింది. సుబ్బరత్నం బీరువాలోంచి పట్టుగౌను తీసి, క్లినిక్‌లో ఫోటోలు తీస్తారట, లోపలికెళ్లే దాకా ఇదే వేద్దామంది.

బాల్కనీలో బట్టలు మడత పెడుతుండగా ఫోన్ మోగింది. శౌరమ్మ.

"చిన్నమ్మగారూ, మాట్లాడొచ్చాండి?"

కీర్తన హాలు వైపు చూసింది. సుబ్బరత్నం టీవీ ముందు కునుకుతోంది. బాల్కనీ తలుపు దగ్గరికి వేసింది. "చెప్పు శౌరమ్మా."

"ఆ రెండిళ్లవాళ్లూ రావద్దన్నారమ్మా. ఐదో అంతస్తు అమ్మగారు తలుపు కూడా తియ్యలా. పిల్ల కాలు విరిచావంట కదా అని లోపల్నించే అడిగారు. కంకిపాడులో ఒక బాలింతని ఒప్పుకున్నా, వాళ్లక్కూడా ఎవరో ఫోన్ చేశారంట." గొంతు ఆగింది. బస్సు హారన్ వినపడింది. "ముప్పై ఏళ్లుగా చేస్తన్నానమ్మా ఈ పని. నా చేతుల్లో ఒక్క బిడ్డ కందలా. మీరు పక్కనే ఉన్నారు. ఒక్కమాట వాళ్లకి చెప్పండి. నేను లాగలేదని, ముందు చూసి చెప్పానని. అంతే."

"చెప్తాను."

"ఎప్పుడు చెప్తారమ్మా?"

"చెప్తానన్నాగా. రేపు పాపని చూపిస్తున్నాం. అయ్యాక చెప్తాను."

"చూపిస్తన్నారా?" ఆ గొంతు ఒక్కసారి తేలికైంది. "అదీ మంచిమాట. ముందు అది చూడండమ్మా. మూడో నెల దాటకుండా చూపిస్తే చాలు. నా సంగతి తర్వాత."

ఫోన్ పెట్టేశాక కీర్తన పాప దగ్గరికి వెళ్లింది. గది తలుపు గడియ పెట్టింది. అరచేతులు రుద్దుకుని పాప పొట్ట మీద పెట్టి, కాసేపు కదపకుండా ఉంచింది. మోకాళ్లు మడిచింది. విప్పింది. కుడిది వాలింది. ఎడమది సగంలో ఆగింది. ఇంకొకసారి చేసింది. అక్కడే ఆగింది. మూడోసారి చేయడానికి ధైర్యం చాల్లేదు. పొడుగు లాగు తొడిగి, బొత్తాలు పెట్టి, పాప పక్కనే ముడుచుకుని పడుకుంది.

క్లినిక్‌లో ఏసీ చల్లగా ఉంది. గోడల మీద మబ్బులూ ఏనుగుపిల్లలూ ఉన్నాయి. ఎక్కడో ఉన్న స్పీకర్లోంచి వాన పడుతున్న చప్పుడు సన్నగా వినిపిస్తోంది. సుబ్బరత్నం పాప పట్టుగౌను సర్దుతూ, అటు చూడు, ఇటు చూడు అంటూ జయకృష్ణ చేత నాలుగు ఫోటోలు తీయించింది. డయానా అన్న పేరున్న బ్యాడ్జీ పెట్టుకున్న అమ్మాయి వచ్చి లోపలికి పిలిచింది. ఫిజియోథెరపీ చదివిందట. ముప్పై కూడా ఉండవు. చేతులు మోచేతుల దాకా కడుక్కుంది. అరచేతులు రుద్దుకుంది. పాప ఛాతీ మీద పెట్టి ఆగింది.

"చూశావా, ఎంత పద్ధతిగా చేస్తోందో," అంది సుబ్బరత్నం కోడలితో.

డయానా మోకాళ్లు మడిచింది. ఎత్తు చూసింది. పక్కలకు విప్పింది. ఆగింది. నూనె సీసా మూత మళ్లీ బిగించింది.

"సార్, నేను ఇవాళ మసాజ్ చేయనండి. పాపకి ఎడమ తుంటి కీలు సరిగ్గా కూర్చున్నట్టు లేదు. ఇవాళే ఎముకల డాక్టర్‌కి చూపించి స్కాన్ తీయించండి. ఉత్తరం రాసిస్తాను."

జయకృష్ణ చేతిలో ఫోన్ జేబులో పెట్టాడు. సుబ్బరత్నం కుర్చీలోంచి లేచింది. "నేను చెప్తూనే ఉన్నాను! ఒక మనిషి వచ్చేదమ్మా నీళ్లు పోయడానికి. మోటు మనిషి. లాగి లాగి..."

"లాగితే వచ్చేది కాదండి ఇది. చాలామందికి పుట్టుకతో ఉంటుంది. ఆడపిల్లల్లో, తొలి కాన్పులో ఎక్కువ. పుట్టినప్పుడు ఒకోసారి తెలియదు కూడా." డయానా కాగితం మీద రాస్తూ తలెత్తింది. "ఇంతకుముందు ఎవరికైనా అనుమానం వచ్చిందాండి? మడతలు తేడాగా ఉన్నాయని గానీ, కాలు విచ్చుకోవట్లేదని గానీ? ఎప్పటినుంచి గమనించారో రాయాలి."

గదిలో వాన చప్పుడు వినిపిస్తూనే ఉంది. సుబ్బరత్నం కోడలి వైపు చూసింది. బెదిరింపు చూపు కాదది. ఏం చెబుతుందోనన్న భయం. మూడేళ్లలో కీర్తన ఆ కళ్లలో అలాంటిది ఎప్పుడూ చూడలేదు. నిజం చెబితే ఆ భయం ఇంటికెళ్లేలోపు ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఏమీ చెప్పకుండా ఊరుకోవడానికీ లేదు, డాక్టరుకు తేదీ కావాలి.

"నేనేనండి," అంది కీర్తన. "సోమవారం స్నానం చేయిస్తుంటే చూశాను. ఎడమ పక్క మూడు మడతలున్నాయి. మోకాలు కొంచెం కిందికి ఉంది."

డయానా చేతిలో పెన్ను ఆగింది. "మీరా? మంచి పని చేశారండి. చాలామంది తల్లులకి నడిచేదాకా తెలియదు."

జయకృష్ణ భార్య భుజం మీద చెయ్యి వేశాడు. కారు దాకా తియ్యలేదు.

సాయంత్రం స్కాన్ తీశాక ఎముకల డాక్టరు కూడా అదే మాటన్నాడు. తొందరగా తెచ్చారు, ఆపరేషన్ అక్కర్లేదు, పట్టీలు వేస్తే సర్దుకుంటుందన్నాడు. భుజాల మీంచి పాదాల దాకా మెత్తటి పట్టీలు వేసి, కప్పకాళ్లలా మోకాళ్లు మడిచి ఉంచాడు. కనీసం ఆరువారాలు. తను చెప్పేదాకా స్నానానికైనా విప్పకూడదన్నాడు. ఇంటికొచ్చేటప్పుడు కారు వెనక సీట్లో సుబ్బరత్నం పాపను తను ఎత్తుకోలేదు. కోడలి ఒళ్లోనే ఉండనిచ్చింది.

"నాతో చెప్పొచ్చు కదే ముందే," అంది బెంజ్ సర్కిల్ దాటాక. మందలింపు కాదది. అప్పుడు ఆ బాత్రూం గుమ్మంలో తను లేనట్టే అంది. కీర్తన కూడా అలాగే విని, "భయమేసింది అత్తయ్యా," అంది.

శుక్రవారం ఆ మాట లిఫ్టులో ఎక్కింది, దిగింది. డాక్టర్లు కనిపెట్టలేనిది మా కోడలు కనిపెట్టిందని సుబ్బరత్నం రెండో అంతస్తుకూ ఐదో అంతస్తుకూ చెప్పింది. వాళ్లు వచ్చి పాపను చూశారు. తమ పిల్లల తొడలు కూడా చూడమని కీర్తనను అడిగారు. కీర్తన రెండిళ్లకూ వెళ్లింది. పిల్లల మోకాళ్లు మడిచి, విప్పి, బాగానే ఉందని చెప్పింది. ఇద్దరూ కాఫీ ఇచ్చారు. శౌరమ్మ మాట ఆ రెండిళ్లలోనూ వచ్చింది. "ముప్పై ఏళ్లు చేశానంటుంది, రోజూ పట్టుకుని కూడా కనిపెట్టలేకపోయింది చూడండి," అంది ఐదో అంతస్తు ఆవిడ. కీర్తన కాఫీ కప్పులోకి చూసి, చల్లారిపోతోందని తాగేసింది.

శనివారం పొద్దున శౌరమ్మ మెట్లెక్కి వచ్చింది. ఎవరూ రమ్మనలేదు. అయినా కుళాయి దగ్గర చేతులూ కాళ్లూ కడుక్కుని, ఉతికిన చీర కట్టుకునే వచ్చింది. సుబ్బరత్నం తలుపు సగం తీసి, అడ్డంగా నిలబడింది. వెనక సోఫాలో కీర్తన ఒళ్లో పాప ఉంది.

"పట్టీలేశారా అమ్మా!" శౌరమ్మ ముఖం విప్పారింది. సుబ్బరత్నం భుజం మీంచి తొంగి చూసింది. "దేవుడి దయ. వేశారు కదా. ఇంక భయం లేదు."

"దేవుడి దయా, నా కోడలి దయా. అది చూడబట్టి బతికిపోయాం. నువ్వు నెలరోజులు పట్టుకుని ఏం చూశావ్?"

శౌరమ్మకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. సుబ్బరత్నం వైపు కాదు, కీర్తన వైపే చూస్తోంది.

"చిన్నమ్మగారు చూశారా?"

"మరెవరు? డాక్టరు కాగితం మీద కూడా రాశారు, తల్లి గమనించిందని."

"చిన్నమ్మగారూ." ఆ గొంతులో కోపం లేదు. ఉంటే కీర్తనకు తేలికగా ఉండేది. "నా పేరు చెప్పకపోతే పోయింది. నేను లాగలేదని ఒక్కటి చెప్పండమ్మా వాళ్లకి. ఐదో అంతస్తు అమ్మగారికి చెప్తే చాలు. చెప్తానన్నారు కదా."

సుబ్బరత్నం వెనక్కి తిరిగింది. "ఏం చెప్తానన్నావే?"

పాప కాలి పట్టీ దగ్గర కీర్తన వేళ్లు కదులుతున్నాయి. అక్కడ సర్దాల్సిందేమీ లేదు.

"నేనేం అన్లేదు అత్తయ్యా," అంది. తలెత్తి గుమ్మం వైపు చూసింది. "పాప పడుకునే వేళయింది శౌరమ్మా. ఇంక వెళ్లు."

శౌరమ్మ వెళ్లలేదు వెంటనే. చేతిలో సంచి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. పాప వైపు చూసింది.

"లోపల పల్చటి నూలు చొక్కా వెయ్యండి, పట్టీ ఒంటికి తగలకుండా," అంది మామూలు గొంతుతో, రోజూ చెప్పినట్టే. "ఈ ఉక్కకి మోకాళ్ల వెనక చెమట నిలబడుద్ది. పూటకోసారి తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో అద్దండి. రుద్దొద్దు. పౌడరెయ్యొద్దు, ముద్దకట్టి ఒరుసుకుపోద్ది. ఎత్తుకునేటప్పుడు కాళ్లు పట్టి లేపొద్దు, పిరుదుల కింద చెయ్యి పెట్టండి."

"అన్నీ డాక్టరు చెప్పారులే," అని సుబ్బరత్నం తలుపు వేసింది.

డాక్టరు అన్నీ చెప్పలేదు. కీర్తన బీరువాలో వెతికి, జయకృష్ణ పాత నూలు బనియను కత్తిరించి, చేత్తోనే కుట్టి, భుజాల దగ్గర ముడివేసే చిన్న చొక్కా చేసింది. పట్టీలు విప్పకుండా వాటి కిందినుంచి నెమ్మదిగా జొనిపి తొడిగింది. గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు తెచ్చుకుని, గుడ్డ పిండి, మోకాలి వెనక మడతలో వేలు పెట్టి తుడిచింది. పొడిగుడ్డతో అద్దింది. పాప ఏడవలేదు.

సుబ్బరత్నం పక్కన కూర్చుని చూస్తోంది. ఏమీ తప్పు పట్టలేదు. చాలాసేపు చూసి అడిగింది.

"రుద్దకుండా అద్దాలని నీకెవరు చెప్పారే?"

"ఎవరూ చెప్పలేదు అత్తయ్యా. నాకే తట్టింది."

ఈసారి ఎవరూ కాగితం మీద రాయడానికి అడగలేదు. మాట దానంతటదే వచ్చింది. సుబ్బరత్నం మెచ్చుకోలుగా తలూపి, ఫోన్ తీసుకుని ఐదో అంతస్తు ఆవిడకు కలిపింది. కీర్తన గుడ్డను గిన్నెలో ముంచి, పిండి, రెండో మోకాలు అందుకుంది.